అత్తమ్మ అప్పగింతలు

"బాపమ్మకు దమ్ము అయిపోతది మమ్మీ! అందుకే మిగిలిన పాట నేను పాడుత!"

ఐదేళ్ల సారల ఆ మాట అనేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ గునుగు పూల కట్టలు అందివ్వడంలో పడిపోయింది. ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న స్నేహలత చెయ్యి మాత్రం గాలిలోనే ఆగిపోయింది!

హసన్‌పర్తిలోని ఆ ఇంటి వరండా నిండా పూలే. ఆ రోజు సద్దుల బతుకమ్మ. తాంబాళం ముందు కూర్చుని స్నేహలత అత్తగారు మొగిలమ్మ తంగేడు వరుస మీద గునుగు వరుస పేరుస్తూ పాట ఎత్తుకుంది. "వానలెల్లిపోయె ఉయ్యాలో... వాకిల్లు..." అని ఆగింది. ఆగిన చోటు నుంచి మనవరాలు అందుకుంది. "వాకిల్లు నవ్వంగ ఉయ్యాలో!" మళ్లీ నాయనమ్మ సగం, మళ్లీ మనవరాలు సగం. చూడముచ్చటగా ఉంది! "బాపమ్మను మొత్తం పాడనియ్యవేందే? ప్రతిసారి నడుమల దూరుతవ్?" అని స్నేహలత కూతురిని ముద్దుగా కసురుకుంది. దానికి సారల చెప్పిన జవాబే అది.

"పోరి మాటలు పట్టించుకుంటవా బిడ్డా..." అంటూ మొగిలమ్మ నవ్వబోయింది. పేర్చిన బతుకమ్మను దేవుడి గదిలో పెడదామని తాంబాళం ఎత్తుకుని లేవబోయింది. లేవలేకపోయింది! గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారింది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. తాంబాళం మాత్రం ఒళ్లోంచి జారనివ్వలేదు, మహాతల్లి!

"అత్తమ్మా!"

స్నేహలత పరుగున వెళ్లి ఆమెను పట్టుకుంది. బ్యాగులోంచి స్టెతస్కోప్ తీసి ఎడమ రొమ్ము కింద పెట్టింది. విన్నది. మళ్లీ విన్నది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో రోజూ వినే చప్పుడే... కానీ అది తన ఇంట్లో, తన అత్తమ్మ గుండెలో వినిపిస్తుందని ఏనాడైనా అనుకుందా!

స్నేహలత మత్తు డాక్టర్. ఆపరేషన్‌కు ముందు రోగిని నిద్రపుచ్చి, ఆపరేషన్ అయ్యేదాకా ప్రాణాన్ని కనిపెట్టుకుని కూర్చుని, చివరికి క్షేమంగా లేపే డాక్టర్. హనుమకొండలో ఓ ఆసుపత్రిలో మంచి ఉద్యోగమే చేసేది. అయితే అక్కడ గుండె ఆపరేషన్ వచ్చినప్పుడల్లా మత్తు ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి ఎవరో ఒకరు రావాలి. గుండెకు మత్తు ఇవ్వడం వేరే చదువు మరి! ఆపరేషన్ కోసం గుండెనే ఆపేస్తారు, ఆ కాసేపు యంత్రం ఊపిరి పీలుస్తుంది, యంత్రం రక్తం తిప్పుతుంది. ఆగిన గుండె మళ్లీ కొట్టుకునేదాకా మత్తు డాక్టర్ కళ్లు ఆర్పకూడదు. ఆ పని నేర్పే ఏడాది ఫెలోషిప్‌లో హైదరాబాద్‌లోని ఒక పెద్ద గుండె ఆసుపత్రిలో ఆమెకు సీటు వచ్చింది. వచ్చిన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. పిల్ల ఎట్లా?

ఆ రోజు మొగిలమ్మే ముందుకు వచ్చింది. "పో బిడ్డా! నిద్ర పుచ్చుడు ఎవలైనా పుచ్చుతరు. లేపుడే ఇద్దె. నువ్వు ఆ ఇద్దె నేర్సుకోని రా. పిల్లను నాకు ఒప్పజెప్పు" అన్నది. బస్టాండులో సారలను చంకకు ఎత్తుకుని, "తీసుకున్న. ఇగ ఫికర్ చెయ్యకు" అని కోడలిని బస్సు ఎక్కించింది. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత పుట్టించిన వాళ్లు ఒక్కసారి ఈ ఇంటికి వచ్చి చూస్తే, ఆ సామెతను వాళ్లే వెనక్కి తీసుకునేవారు!

అప్పటినుంచి స్నేహలత ఇంటికి రావడం అంటే ఏ నెలకో ఒక ఆదివారం. మిగతా రోజుల్లో ఫోనే దిక్కు. రోజూ సాయంత్రం ఫోన్‌లో అత్తమ్మ, సారల కలిసి పాట పాడి వినిపించేవారు. ఆమె సగం, ఈమె సగం. ఆ వీడియోలు దాచుకుని స్నేహలత ఆసుపత్రిలో అందరికీ చూపించి మురిసిపోయేది. "మా ఇంట్ల జుగల్‌బందీ" అని గొప్పలు పోయేది. తనకు చదువు చెప్పే తాహెరా బేగం మేడం కూడా కళ్లద్దాలు సర్దుకుని చూసి నవ్వారు.

ఇప్పుడు ఆ వీడియోలు ఒక్కొక్కటే తెరిచి మళ్లీ విన్నది స్నేహలత. మొదట్లో నాయనమ్మ మూడు వంతులు పాడేది. రాను రాను సగమైంది. ఈ మధ్య వాటిలో రెండు మాటలు కాగానే ఊపిరి తెగిపోతోంది... వెంటనే పిల్ల గొంతు అందుకుంటోంది. మనుషుల ఊపిరి మీదనే బతికే డాక్టర్, ఇన్నాళ్లూ ఆ పాటలో బిడ్డ గొంతు తప్ప ఇంకేమీ వినలేదు! దీపం కిందే చీకటి అంటే ఇదే కాబోలు! ఆమె ఫోన్ గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

* * *

హనుమకొండలో స్కానింగ్ చేసిన డాక్టర్ మాట నాన్చలేదు. గుండెలో ఎడమవైపు ఉండే కవాటం బాగా మూసుకుపోయింది. చిన్నప్పుడు ఎప్పుడో కీళ్ల జ్వరం వచ్చి ఉంటుంది, అది లోపల లోపలే కవాటాన్ని తినేసింది. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ, కవాటం మార్చక తప్పదు. ఆలస్యం చేస్తే ఒకరోజు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి...

ఆ మాట డాక్టర్ పూర్తిచేయలేదు. స్నేహలతకు పూర్తిచేయాల్సిన అవసరం కూడా లేదు.

"ఎన్నాళ్ల సంది ఉన్నది అత్తమ్మా ఈ ఆయాసం?" అని ఇంటికి రాగానే అడిగింది.

మొగిలమ్మ చూపు తిప్పుకుంది. "గ్యాస్ అనుకున్న బిడ్డా. మా నర్సంపేట దిక్కు అందరికీ గ్యాసేనాయె. గోలీలు ఏసుకుంటే జర తగ్గేది..."

"పడుకుంటే దమ్ము ఆడక, తెల్లారేదాక గోడకు ఒరిగి కూసునే నిద్రపోయేది" అని సారల చాడీ చెప్పింది. "మమ్మీకి చెప్పొద్దని చెయ్యిల చెయ్యి ఏపిచ్చుకుంది!"

స్నేహలత భర్త శ్యాంసుందర్ తల పట్టుకున్నాడు. అతను జూనియర్ కాలేజీలో లెక్చరర్. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే మనిషి. అమ్మ కూర్చుని నిద్రపోవడం చూశాడు. పిల్ల ఒళ్లో పడుకుంటే కదల్చలేక కూర్చుందని చెబితే నమ్మాడు. "నా కళ్ల ముందు ఉండంగ నాకే తెల్వలేదు స్నేహా..." అన్నాడు. 

"నాకు చెప్తే ఏమైతుండె అత్తమ్మా!" స్నేహలత ఆమె చేతులు పట్టుకుని గట్టిగా ఊపింది. కోపం, దుఃఖం కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

"ఏమైతుండెనా? నువ్వు చదువు ఇడ్సిపెట్టి బస్సెక్కి వస్తుంటివి! నాకు తెల్వదా నీ సంగతి? ఆరు నెల్లు ఆగితే నీ చదువు అయిపోతది, అప్పుడు చెప్దామనుకున్న. గుండె... అది కూడ జర ఆగుతదేమో అనుకున్న..."

స్నేహలత అత్తమ్మ పాదాల మీద తల పెట్టేసింది.

కబురు తెలిసి సాయంత్రానికి నర్సంపేట నుంచి ఆడబిడ్డ ప్రేమలత దిగింది. మొగిలమ్మ పెద్ద కూతురు. ఆడబిడ్డ నోటికి అడ్డుకట్ట ఎవరు వేయగలరు చెప్పండి! గడపలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"గుండె డాక్టర్ చదువు చదువుతున్నవని ఊరంత చెప్పుకున్నం. ఇంట్ల ఉన్న గుండె కనబడలేదా పిల్లా నీకు? ఇంట గెలిచి రచ్చ గెల్వాలంటరు! నీ బిడ్డను సాదుకుంట మా అవ్వ సచ్చేదాక వచ్చింది!"

"నిజమే వదినె." స్నేహలత కళ్లు ఎత్తలేదు. "నేనేం చెప్పుకోను? రేపే ఫోన్ చేసి ఫెలోషిప్ మానేస్తున్నానని చెప్పేస్త. అత్తమ్మ దగ్గరే ఉంట."

"నోరు ముయ్యి!" అని ఉరిమింది ఒక గొంతు. ఆయాసపడుతూ మంచం మీద కూర్చున్న మొగిలమ్మది! "నువ్వు ఆ చదువు ఇడుస్తే నేను ఇన్ని దినాలు గోడకు కూసున్నదంత ఏట్ల కలిసినట్టే! ప్రేమా, నువ్వు కూడ నోరు మూసుకో. నా కోడలిని నేను పంపిన. ఎవలూ ఏమనేది లేదు."

ప్రేమలత లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

* * *

ఆపరేషన్ హైదరాబాద్‌లో, స్నేహలత చదువుతున్న గుండె ఆసుపత్రిలోనే అని తేలింది. సర్జన్ ఒప్పుకున్నారు, మంచం కూడా సిద్ధమైంది. అంతా సిద్ధమయ్యాక మొగిలమ్మ అడ్డం తిరిగింది.

"నాకు మత్తు నువ్వే ఇయ్యాలె. నీ చేత్తోటి అయితేనే పడుకుంట. లేకపోతే ఈ మంచం దిగ!"

ఆమె భయానికి ఒక కారణం ఉంది. భర్త వీరభద్రం కడుపు నొప్పితో ఆపరేషన్ గదిలోకి నడుచుకుంటూ వెళ్లి, మళ్లీ కళ్లు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఎవరూ వచ్చి చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడిన ఆమెకు ఆ తలుపే గుర్తుండిపోయింది. కోడలు మత్తు డాక్టర్ అవుతానన్నప్పుడు ఊళ్లో వాళ్లు "సూది ఇచ్చుడు కూడ డాక్టరేనా?" అని నవ్వితే, అందరికంటే ఎక్కువ సంతోషపడింది మొగిలమ్మే!

స్నేహలత తాహెరా మేడంకు ఫోన్ చేసి బతిమాలింది. మేడం చివరిదాకా విన్నారు.

"కుదరదు స్నేహా. మనవాళ్లకు మనం మత్తు ఇవ్వం. మన చేతికి పనితనం తక్కువని కాదు. ఆమె బీపీ పడిపోతే నువ్వు మానిటర్ చూడవు, ఆమె ముఖం చూస్తావు. ఆ ఒక్క నిమిషం చాలు." అంతలోనే మళ్లీ అన్నారు. "నేనే ఇస్తాను. ఆ పాట నేను కూడా చూశాను కదా... నవ్వుకుని ఊరుకున్నాను. నా చెవికీ వినపడలేదు తల్లీ."

స్నేహలత ఆ మాట ఇంట్లో చెప్పింది. శ్యాంసుందర్ ఆమెను పెరట్లోకి పిలిచాడు. వెంట ప్రేమలత కూడా వచ్చింది.

"నువ్వే ఇస్తవని చెప్పు. సూది ఏసేదాక పక్కన నిలబడు. నిద్రపోయినంక ఎవరు ఇచ్చిన్రో అమ్మకేం తెలుస్తది?" అన్నాడు అతను.

"వాడు చెప్పింది కూడ మంచిగనే ఉన్నది పిల్లా. పానం దక్కితే సాలు" అన్నది ప్రేమలత. ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు.

స్నేహలతకు కూడా ఆ మాట రుచించింది. ఎంత సులువైన దారి! ఒక్క అబద్ధం... అత్తమ్మ బతుకుతుంది. తరువాత తెలిసినా ఏమీ అనదు, నవ్వేస్తుంది కూడా! కానీ...

"నా వల్ల కాదండీ. మనిషి తన ప్రాణం నా చేతిల పెట్టి కళ్లు మూసుకుంటుంది. ఆమె మూసుకోంగనే నేను మాట తప్పుడా? ముక్కు మొఖం తెల్వనోళ్లకే చెయ్యను అట్ల. అత్తమ్మకు చేస్తనా?"

లోపలికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మొగిలమ్మ మెల్లగా, చిన్నపిల్లలా అడిగింది.

"నువ్వు పోయేనాడు నీ బిడ్డను నాకు ఒప్పజెప్పినవు. నేను దాన్ని ఇంకొకల చేతిల పెట్టిన్నా బిడ్డా? ఒక్కనాడన్న పెట్టిన్నా? ఇయ్యాల నన్ను ఎవలో తెల్వనోళ్లకు ఒప్పజెప్తవా?"

స్నేహలతకు గుండెలో ముల్లు దిగినట్టయింది.   గోడకు ఆనుకుని కూలబడిపోయింది. అప్పుడు ఎందుకో ఆమెకు తన పెళ్లి గుర్తొచ్చింది. అప్పగింతల వేళ...

స్నేహలతకు తల్లి లేదు. పాలల్లో ముంచిన ఆమె చేతులను మొగిలమ్మ చేతుల్లో పెట్టాడు తండ్రి ఓంప్రకాశ్. చెయ్యి ఇచ్చాడే గానీ వదలలేకపోయాడు. అందరూ ఏడుస్తున్నారు, పంతులు తొందర పెడుతున్నాడు. మొగిలమ్మ మాత్రం అట్లాగే ఓపికగా చేతులు చాచి నిలబడింది. ఆయన వదిలేదాకా నిలబడి, "తీసుకున్న అన్నా. ఇగ ఈ చెయ్యి నాది. కింద పడనియ్య" అన్నది. ఆ తరువాతే ఆయన చెయ్యి వదిలాడు.

హైదరాబాద్ వెళ్లిన మొదటి వారంలో తాహెరా మేడం స్నేహలతను గట్టిగా మందలించింది కూడా ఇలాంటి దాని కోసమే. ఆపరేషన్ అయిన రోగిని ఐసీయూకు తీసుకెళ్లి, అక్కడి నర్సుకు వివరాలన్నీ చెప్పేసి ఆమె వెనక్కి తిరిగింది. "ఎక్కడికి పోతున్నావు? ఆ నర్సమ్మాయి 'నేను తీసుకున్నాను' అన్నదా? ఆ మాట నీ చెవిన పడేదాకా రోగి నీ చేతిలోనే ఉన్నట్టు. కదలకూడదు!" అన్నారు మేడం. ఆ రోజు స్నేహలత దాన్ని అవమానం అనుకుంది. ఇప్పుడు పెళ్లినాటి అత్తమ్మ మాట, ఐసీయూలో మేడం మాట ఒక్కచోట కలిశాయి.

ఆమె లేచి వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "తెల్వనోళ్లకు ఇయ్య అత్తమ్మా. అప్పగింతలు చేస్త. మా నాన్న నన్ను నీకు ఎట్ల ఇచ్చిండో అట్ల. ఆమె 'తీసుకున్న' అనేదాక నీ చెయ్యి ఇడువ."

మొగిలమ్మ ముఖంలో ఏదో మెత్తబడింది. అయినా అంత సులువుగా ఒప్పుకునే మనిషా!

"అప్పగింతలంటే ముందు చూపులు ఉండాలె కదా! ఎవలంటే ఆళ్లకు పిల్లనిత్తమా? ఆమెను ముందు నేను సూడాలె!"

ఇంటిల్లిపాదీ కన్నీళ్ల మధ్యలోనే నవ్వారు.

* * *

చూపులు ఆసుపత్రి వార్డులో జరిగాయి. తాహెరా బేగం ఆకుపచ్చ ఆపరేషన్ బట్టల్లోనే, నెరిసిన జుట్టు టోపీలోకి దోపుకుంటూ వచ్చి మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చుంది. మొగిలమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"కాజీపేట అమ్మా. పుట్టింది, పెరిగింది అంత ఆడనే."

"అట్లనా! మనోళ్లే!" సగం పరీక్ష అక్కడే పాసైపోయింది. కానీ మొగిలమ్మ తరువాతి ప్రశ్నకు నవ్వు లేదు. "నేను నిద్రపోయినంక నా పక్కనుంచి లేసి పోతవా?"

"పోను."

"ఫోన్ వస్తే?"

"పోను."

"ఆకలైతే?"

"ఆకలి కాదమ్మా నాకు అప్పుడు. పోను."

"నేను లేవకపోతే..." మొగిలమ్మ చూపు వార్డు తలుపు మీద పడింది. "మా ఆయనకు ఏమైందో ఎవలూ వచ్చి చెప్పలే బిడ్డా. తలుపు కాడ్నే ఉన్న. నా పిల్లలకు ఎవలన్న చెప్తరా?"

తాహెరా బేగం ఆమె ముడతల చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. "నేనే పోయి చెప్త అమ్మా. మంచైనా, చెడ్డైనా, నా నోటితోటే చెప్త."

మొగిలమ్మ తల ఊపింది. కోడలి వైపు తిరిగి, "ఈమెకు ఇయ్యొచ్చు" అన్నది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది ముందున్న చిన్న గదిలో అప్పగింతలు జరిగాయి. అక్కడికి పాలు తీసుకురావడానికి వీల్లేదు కదా! స్నేహలత గోడకు ఉన్న శానిటైజర్ సీసా నొక్కి అత్తమ్మ చేతులకు రాసింది, తన చేతులకు రాసుకుంది. తాహెరా మేడం కూడా రాసుకుంది. తోపుడు మంచం దగ్గరున్న నర్సు ముందు నవ్వింది, తరువాత ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

స్నేహలత అత్తమ్మ చేతిని మేడం చేతిలో పెట్టింది. చెప్పాలనుకున్న మాటలు వంద ఉన్నాయి. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాను మేడం, ఈమె నాకు రెండో తల్లి... ఈమె ఊపిరి పోసి నాకు చదువు కొన్నది... ఆ మాటలేవీ బయటికి రాలేదు. వేళ్లు మాత్రం వదలలేదు. ఆనాడు తండ్రి చెయ్యి ఎందుకు వదలలేకపోయాడో ఈనాడు ఆమెకు అర్థమైంది.

తాహెరా బేగం తొందర పెట్టలేదు. లోపల అందరూ సిద్ధంగా ఎదురుచూస్తున్నా, అట్లాగే చేతులు చాచి నిలబడింది.

"తీసుకున్న స్నేహా. ఈ చెయ్యి ఇప్పుడు నాది."

అప్పుడు వదిలింది స్నేహలత. తోపుడు మంచం కదిలింది. తలుపు మూసుకునే ముందు మొగిలమ్మ బయట నిలబడ్డ కూతురి వైపు తల తిప్పి, "ప్రేమా! పిల్ల పొద్దుగాల్ల నుంచి ఏం తినలే, సూడు!" అని ఒక్క అరుపు అరిచింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా మనవరాలి ఆకలే!

* * *

ఎన్నో ఆపరేషన్లలో స్నేహలత ఆ తలుపుకు లోపలి వైపు ఉంది. బయటి వైపు కూర్చోవడం ఇదే మొదటిసారి. లోపల ఏం జరుగుతోందో అడుగడుగునా తెలుసు. ఇప్పుడు గొంతులోంచి సన్నని గొట్టం దించి గుండెను తెర మీద చూస్తుంటారు... ఇప్పుడు యంత్రానికి కలిపి ఉంటారు... ఇప్పుడు గుండె ఆగి ఉంటుంది. అత్తమ్మ గుండె! ఇన్నాళ్లూ "ఇప్పుడు గుండె ఆపుతున్నాం" అన్న మాట తన నోటితో ఎంత మామూలుగా అనేసేది! బయట కుర్చీలో ఇలాంటి కోడలు ఒకతె, కొడుకు ఒకడు కూర్చుని ఉంటారని ఒక్కసారైనా ఆలోచించిందా?

ప్రేమలత వచ్చి పక్కన కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన సత్తుపిండి ముద్ద విరిచి ఒకటి సారల నోట్లో, ఒకటి స్నేహలత చేతిలో పెట్టింది.

"తిను పిల్లా. ఆనాడు ఏదో అన్న. కడుపు మంటతోటి అన్న."

"మీరన్నదాంట్ల తప్పు లేదు వదినె."

"తప్పున్నది. మా అవ్వ నాకు ఫోన్ చేస్తే కూడ సగం మాట మాట్లాడి, 'ఉంట మరి' అని పెట్టేసేది. పని మీద ఉన్నదనుకున్న. నేను కన్న బిడ్డను, నాకే తెల్వలే..." ప్రేమలత కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ చదువు అయ్యేదాక హసన్‌పర్తిల నేనుంట. అవ్వను, నీ బిడ్డను నేను సూసుకుంట. నాకు ఒప్పజెప్పు."

స్నేహలత ఆమె భుజం మీద తల వాల్చింది. సారల వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, "తీసుకున్న అనాలె అత్తా" అని గుర్తు చేసింది.

"తీసుకున్న తల్లీ, తీసుకున్న!" అంటూ ప్రేమలత ఏడుస్తూనే దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

పొద్దు వాలే వేళకు తలుపు తెరుచుకుంది. తాహెరా బేగం బయటికి వచ్చింది. మాట ఇచ్చినట్టే తనే వచ్చింది. ముఖం మీద మాస్కు దారాల గీతలు ఎర్రగా పడ్డాయి.

"మంచిగున్నది" అన్నది. అంతే! శ్యాంసుందర్ గోడ వైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఐసీయూలో మొగిలమ్మకు మెలకువ వచ్చి, తనంతట తాను ఊపిరి పీల్చుకుంటున్నదని నమ్మకం కుదిరాకే గొంతులోని గొట్టం తీశారు. తాహెరా మేడం స్నేహలతను మంచం దగ్గరికి పిలిచి, మొగిలమ్మ చేతిని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "నీ అత్తమ్మను నీకు ఇస్తున్న. కొత్త కవాటం. ఊపిరి మంచిగున్నది. ఇగ నా చెయ్యి తీయొచ్చా?"

"తీసుకున్న మేడం" అన్నది స్నేహలత. ఈసారి గొంతు స్పష్టంగానే వచ్చింది.

మొగిలమ్మ బరువైన రెప్పలు ఎత్తింది. గొంతు రాచుకుపోయి మాట సరిగా రావడం లేదు. అయినా పెదవులు కదిపింది. స్నేహలత వంగి చెవి పెట్టింది.

"ఆ కాజీపేట పిల్ల... తిన్నదా?"

* * *

ఫెలోషిప్ పూర్తయింది. స్నేహలత హనుమకొండలో తన పాత ఆసుపత్రికే తిరిగి వచ్చింది. ఇప్పుడు అక్కడ గుండె ఆపరేషన్ అంటే హైదరాబాద్ దిక్కు చూడరు. ఆపరేషన్‌కు ముందు ఆమె రోగి వాళ్లను పిలిచి, వాళ్ల మనిషి చేతిని తన చేతిలో పెట్టమంటుంది. కొందరు వింతగా చూస్తారు. వదలడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. ఆమె తొందర పెట్టదు.

మళ్లీ సద్దుల బతుకమ్మ వచ్చింది. హసన్‌పర్తి వీధిలో ఆడవాళ్లంతా బతుకమ్మలను నడుమ పెట్టి చుట్టూ చేరారు. ప్రేమలత నర్సంపేట నుంచి వచ్చింది. సెలవు దొరికి సొంతూరు కాజీపేటకు వచ్చిన తాహెరా బేగం కూడా ఇటు వచ్చి, పట్టుచీరలో ఒక పక్కగా కుర్చీలో కూర్చుంది. "ముందు అన్నం తిన్నంకనే ఆట సూడాలె!" అని మొగిలమ్మ ఆమెకు విస్తరి నిండా సద్దులు పెట్టించింది మరి!

మొగిలమ్మ కొంగు నడుముకు దోపుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. సారల పరుగున వచ్చి నాయనమ్మ పక్కన తన చోటు పట్టుకుంది. అలవాటైన చోటు!

"వానలెల్లిపోయె ఉయ్యాలో..."

సారల ఊపిరి పీల్చుకుని, అందుకోవడానికి నోరు తెరిచింది.

"...వాకిల్లు నవ్వంగ ఉయ్యాలో!
గునుగు పూల తోటి ఉయ్యాలో, గుమ్మాలు నిండంగ ఉయ్యాలో!"

మొగిలమ్మ ఆగలేదు. పాట ఒక వాడ నుంచి ఇంకో వాడకు వినిపించేలా సాగిపోతూనే ఉంది. సారల తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని నాయనమ్మ వంక చూసింది, తల్లి వంక చూసింది. ముఖం చిన్నబోయింది.

"మమ్మీ! బాపమ్మ నాకు పాట ఇస్తలేదు!"

స్నేహలత చప్పట్లు మరిచిపోయి కూతురిని గుండెలకు హత్తుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "ఇయ్యదు బిడ్డా... ఇగ ఇయ్యదు!" అన్నది. ఎదురుగా కుర్చీలో తాహెరా బేగం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.